నల్లమల దారి – నాటి నడక, నేటి ప్రయాణం



ప్రత్యేక సంచికకు ఒక చారిత్రక వ్యాసం వ్రాసి ఇవ్వవలసిందని మన కార్యదర్శిగారు అడిగినప్పుడు మొదట గోలకొండ గురించి వ్రాద్దామనుకున్నాను. కానీ దాని గురించి మనవాళ్లే ఇదివరకు నాలుగైదు సంచికల్లో వ్రాశారు. నిరుడు కార్తిక మాసంలో మన శాఖ సభ్యులం ఇరవై ఇద్దరం కలిసి చేసిన నల్లమల యాత్ర నొప్పి ఇంకా మోకాళ్లలో ఉండగానే ఆ దారి కథ వ్రాయడం మేలనిపించింది. యాత్రకు రాలేకపోయిన వారికి ఇది కొంత ఉపయోగపడవచ్చు. వచ్చినవారు తప్పులుంటే దిద్దగలరు.

తెల్లవారుజామున ఐదు గంటలకు అంబర్‌పేట అలీ కేఫ్ చౌరస్తాలో మినీ బస్సు ఎక్కాం. చిక్కడపల్లి, అశోక్‌నగర్, నారాయణగూడ మిత్రులు అప్పటికే ఎక్కి కిటికీ సీట్లన్నీ ఆక్రమించారు. (సర్వీసులో సీనియారిటీ జాబితా కోసం ఎంత పట్టుబట్టామో, ఇప్పుడు కిటికీ సీటు కోసం అంత పట్టుబడుతున్నాం.) తుక్కుగూడ, కడ్తాల్, ఆమనగల్లు, కల్వకుర్తి దాటి డిండి జలాశయం దగ్గర కాసేపు ఆగాం. అక్కడి నుంచి హాజీపూర్ మీదుగా మన్ననూరు చెక్‌పోస్టు. అక్కడితో మైదానం అయిపోతుంది. శ్రీశైలానికి మొత్తం రెండు వందల పైచిలుకు కిలోమీటర్లు. ఆగుతూ సాగుతూ వెళ్లినా మధ్యాహ్న భోజనం వేళకు చేరవచ్చు. ఈ సుఖం మన తరానికే దక్కింది. అంతకు ముందు ఎనిమిది వందల ఏళ్లు జనం ఈ కొండలకు కాలినడకనే వచ్చారు.

ఆ నడక గురించి మనకు దొరికే గొప్ప తెలుగు సాక్ష్యం పాల్కురికి సోమనాథుని పండితారాధ్య చరిత్ర. 13వ శతాబ్దపు ఆ కావ్యంలో పర్వత ప్రకరణమని ఒక భాగమే ఉంది. పర్వతమంటే శ్రీపర్వతం, అంటే శ్రీశైలం. శివరాత్రికి కొండకు నడిచిపోయే జనాన్ని, వారి పాటలను, మొక్కులను, అలసటను ఆయన వర్ణించాడు. తుమ్మెద పదాలు, పర్వత పదాలు, వెన్నెల పదాలు అంటూ నాడు జనం పాడుకొనే పాటల రకాలను ఏకరువు పెట్టాడు. తెలుగు జానపద గేయాల చరిత్ర వ్రాసేవారెవరైనా ఆ జాబితా దగ్గర ఆగవలసిందే. ఆ రకంగా చూస్తే మన పాటల పుట్టుపూర్వోత్తరాల్లో కొంత ఈ అడవి దారి మీదే దొరుకుతుంది. మా బస్సులో పాటలు పాడినవారు సినిమా పాటలే పాడారు. అయినా దారి అదే కదా అని సరిపెట్టుకున్నాను.

14వ శతాబ్దంలో రెడ్డి రాజులు ఈ దారిని కొంత సుగమం చేశారు. ప్రోలయ వేమారెడ్డి అహోబిలానికీ శ్రీశైలానికీ మెట్లు కట్టించాడు. అనవేమారెడ్డి 1377లో శ్రీశైలంలో వీరశిరోమండపం నిర్మించాడు. భక్తి ఉద్రేకంలో తమ అవయవాలను, తలను సైతం కోసి సమర్పించుకొనే వీరశైవుల కోసం కట్టిన మండపమది. ఇప్పుడు ఆ మాట చెబితే మా మనవలు నమ్మరు.

శ్రీశైలానికి నాలుగు దిక్కులా నాలుగు ద్వారాలని మన పెద్దలు చెప్పేవారు. తూర్పున త్రిపురాంతకం, దక్షిణాన సిద్ధవటం, పడమట అలంపురం, ఉత్తరాన ఉమామహేశ్వరం. హైదరాబాదు నుంచి వెళ్లే మనకు వర్తించేది ఉత్తర ద్వారం. అచ్చంపేటకు సమీపంలో, రంగాపురం పైనున్న కొండచరియ కింద ఆ గుడి ఉంది. బండ నుంచి నీరు చుక్కలు చుక్కలుగా కారుతూనే ఉంటుంది. ఉత్తరాది యాత్రికులు అక్కడ మొదట దర్శనం చేసుకొని, అమ్రాబాదు పీఠభూమి అడవుల గుండా నడిచి, కృష్ణ గట్టుకు దిగి, పుట్టిలో నది దాటి, పాతాళగంగ మెట్లెక్కి మల్లన్నను చూసేవారు. పుట్టి అంటే గుండ్రటి బుట్ట పడవ. ఈ నాలుగు గాక ఉపద్వారాలు కూడా ఉన్నాయి. వాటిలో ఏలేశ్వరం నాగార్జునసాగర్ నీట మునిగింది. మునిగేలోగా పురావస్తు శాఖవారు అక్కడ తవ్వకాలు జరిపారు. సంగమేశ్వరం శ్రీశైలం జలాశయంలో మునిగి, వేసవిలో నీటిమట్టం బాగా తగ్గినప్పుడు మాత్రం బయటపడి మళ్లీ పూజలందుకొంటుంది. దేవుడికి కూడా ముంపు తప్పలేదు. ముంపు సంగతి ముందు ముందు చెబుతాను.

హైదరాబాదు నుంచి శ్రీశైలం వెళ్లిన చరిత్ర ప్రసిద్ధులలో శివాజీ ఒకరు. 1677లో దక్షిణాది దండయాత్రకు పోతూ ఆయన హైదరాబాదు వచ్చి అబుల్ హసన్ కుతుబ్‌షాతో ఒప్పందం చేసుకొన్నాడు. ఆ తర్వాత శ్రీశైలం వెళ్లి కొన్నాళ్లు అక్కడే ఉండిపోయాడు. ఉత్తర గోపురం ఆయన కట్టించినదని ప్రతీతి. రాజ్యం సంగతి మరచి అక్కడే ప్రాణత్యాగం చేయబోతే వెంట ఉన్నవారు వారించారని మరాఠీ బఖర్లలో కథనం. ఆ అడవిలో రెండు రోజులు ఉండి వచ్చాక ఆ కథనం నాకు మరీ అసంభవంగా తోచడం లేదు.

అయితే నాకు వీరందరికంటే ఇష్టమైన యాత్రికుడు ఏనుగుల వీరాస్వామయ్య. కారణం ఆయన మనవంటి ఉద్యోగి కావడమే. మద్రాసు సుప్రీంకోర్టులో దుబాసీగా పనిచేస్తూ, సెలవు తీసుకొని, 1830 మే 18న దాదాపు వందమంది పరివారంతో కాశీయాత్రకు బయలుదేరాడు. పదిహేను నెలల పైన సాగిన ఆ ప్రయాణాన్ని తన మిత్రుడు కోమలేశ్వరపురం శ్రీనివాసపిళ్లకు జాబుల రూపంలో వ్రాసి పంపాడు. అదే కాశీయాత్ర చరిత్ర. 1838లో అచ్చయింది. చిక్కడపల్లిలోని నగర కేంద్ర గ్రంథాలయంలో పోటీపరీక్షల విద్యార్థుల మధ్య ఎలాగో ఒక కుర్చీ సంపాదించి, యాత్రకు ముందు దాన్ని మరొకసారి చదువుకొన్నాను. ఎక్కడ మంచినీరు దొరుకుతుంది, ఎక్కడ దొంగల భయం, ఏ ఊళ్లో బియ్యం దొరుకుతాయి, బోయీలకు కూలి ఎంత – అన్నీ మంచి గుమాస్తాలా పద్దు వేసి చెబుతాడు.

ఆయన శ్రీశైలానికి దక్షిణం వైపు నుంచి, ఆత్మకూరు, నాగలూటి, పెద్దచెరువు, భీముని కొల్లం మీదుగా వెళ్లాడు. ఆ దారిలో చివరి మజిలీ భీముని కొల్లం. లోతైన లోయలోకి దిగి మళ్లీ ఎక్కాలి. ఇప్పటికీ ఉగాదికి కన్నడ భక్తులు ఆ దారినే వేల సంఖ్యలో నడిచివస్తారు. వీరాస్వామయ్య నాటికి ఆ ప్రాంతం కందనూరు, అంటే కర్నూలు, నవాబు ఏలుబడిలో ఉండేది. యాత్రికుల మీద నవాబుకు పన్ను చెల్లించాలి. అడవిలో దారి చూపి, రాత్రిళ్లు కావలి కాసేది చెంచులు. వారికీ యాత్రికులు కొంత ముట్టజెప్పేవారు. ఈ రెండు చెల్లింపులకూ తేడా ఉంది. నవాబు పన్ను అధికారానికి, చెంచుల సొమ్ము చేసిన పనికి. 1839లో కుంఫిణీ ప్రభుత్వం నవాబును తొలగించి కర్నూలును కలుపుకొన్నది. వీరాస్వామయ్య శ్రీశైలం చూసుకొని ఆత్మకూరుకు తిరిగివచ్చి, కృష్ణ దాటి, వనపర్తి, జడ్చర్ల మీదుగా మన హైదరాబాదు చేరాడు. అంటే మనం ఆరేడు గంటల్లో పోయే చోటును ఆయన చుట్టూ తిరిగి వచ్చాడన్నమాట. నడుమ ఉన్న అమ్రాబాదు అడవి అంత దట్టమైనది.

ఇక్కడ ఒక విషయం గమనించాలి. కృష్ణానది నల్లమలను రెండుగా చీల్చుకొని పోతుంది. ఉత్తర గట్టు నిజాం రాజ్యం, దక్షిణ గట్టు మద్రాసు రాష్ట్రం. 1953లో దక్షిణ గట్టు ఆంధ్ర రాష్ట్రంలోకి పోయింది. 1956లో రెండు గట్లూ ఒకటయ్యాయి. 2014లో మళ్లీ నది సరిహద్దు అయింది. పులికి, తేనెటీగకు, చెంచుకు ఈ సంగతి ఎవరూ చెప్పలేదు. మేనమామ కూతురు అవతలి గట్టున ఉంటే పిల్లను చూడటానికి పుట్టిలో దాటి పోయేవాళ్లం, ఇప్పుడు రెండు రాష్ట్రాల వాళ్లు రెండు కార్డులు అడుగుతున్నారు – అని మాకు వాచరుగా వచ్చిన చెంచు యువకుడు నవ్వుతూ చెప్పాడు. అతని సంగతి తర్వాత వస్తుంది.

నిజాం పాలకులకు ఉత్తర గట్టు అడవి వేట భూమి. మన్ననూరు దాటాక వచ్చే ఫర్హాబాద్ వారి విడిది. ఫర్హా అంటే ఉల్లాసం. అక్కడి కొండ అంచున నిలబడితే కింద మైదానం పరచిన దుప్పటిలా కనిపిస్తుంది. అటవీశాఖవారి సఫారీ జీపుల్లో వెళ్లాం. పులి కనబడలేదు. కనబడుతుందన్న ఆశ ఎవరికీ లేదు గాని, ఒక బెట్టుడుత మద్దిచెట్టు కొమ్మ మీద నుంచి ఇంకో కొమ్మకు దూకడం చూసి అందరం పిల్లల్లా కేకలు పెట్టాం. దారిలో కనబడే పాత రాతి గోడను ప్రతాపరుద్రుని కోట అంటారు.

1939లో యూరపులో యుద్ధం మొదలైనప్పుడు క్రిస్టోఫ్ ఫాన్ ఫ్యూరర్ హైమెన్‌డార్ఫ్ అనే ఆస్ట్రియా దేశపు మానవశాస్త్రజ్ఞుడు హైదరాబాదులో చిక్కుబడ్డాడు. చేతిలో జర్మనీ పాస్‌పోర్టు ఉన్నందున ఆంగ్లేయులకు శత్రుదేశీయుడు. నిజాం రాజ్యం దాటకుండా ఉండే ఏర్పాటు మీద, ఆయన 1940లో అమ్రాబాదు అడవికి వెళ్లి చెంచుల మధ్య నెలల తరబడి కాపురమున్నాడు. భార్య బెట్టీ కూడా ఆ పరిశోధనలో పాలుపంచుకొన్నారు. 1943లో వెలువడిన ఆయన చెంచుల గ్రంథం నేటికీ ప్రామాణికం. తరువాత ఆయన మన అంబర్‌పేటకు ఆనుకొని ఉన్న ఉస్మానియా విశ్వవిద్యాలయంలో ఆచార్యుడుగా కూడా పనిచేశాడు. యుద్ధఖైదీ కావలసిన మనిషి అడవిలో స్వేచ్ఛగా తిరిగి, ఆ అడవి మనుషుల గురించి మొదటిసారి సమగ్రంగా వ్రాయడం విచిత్రం.

ఆయన చూసిన చెంచులు దుంపలు తవ్వుకొని, పండ్లు ఏరుకొని, విల్లంబులతో వేటాడి బ్రతికేవారు. నాలుగైదు గుడిసెల గూడెమే పెంట. ఈగలపెంట, దోమలపెంట అని బస్సు కిటికీలోంచి చూసి మనం నవ్వుకొనే పేర్లలో ఆ పెంట ఆనవాలు ఉంది. ప్రతి పెంటకూ అడవిలో తనదైన హద్దు ఉండేది. ఏ చెట్టు తేనె ఎవరిదో, ఏ మడుగు ఎవరిదో కాగితం లేకుండానే తెలుసు. లోయ అంచు నుంచి తాడు మీద వేలాడుతూ తేనెపట్టు కోసేటప్పుడు పైన తాడు పట్టుకొనేది బావమరిదేనట. తన అక్కో చెల్లెలో విధవ కాకూడదు గనుక తాడు వదలడట. ఇంతకంటే గట్టి జీవిత బీమా మన సర్వీసులో నేను చూడలేదు. ఇప్పుడు వారి తేనె, తపసి జిగురు, చింతపండు గిరిజన సహకార సంస్థ కొంటుంది. 1956 నుంచి ఉన్న ఏర్పాటు అది. 1970ల మధ్యలో శ్రీశైలం కేంద్రంగా చెంచుల కోసం సమగ్ర గిరిజనాభివృద్ధి సంస్థ వచ్చింది. 2014 తర్వాత తెలంగాణ చెంచులకు మన్ననూరులో వేరుగా ఏర్పాటయింది.

మన తరంలో ఈ అడవి దారిని పూర్తిగా మార్చింది శ్రీశైలం ప్రాజెక్టు. 1963 జులై 24న నెహ్రూగారు శంకుస్థాపన చేశారు. కొండల నడుమ ఇరుకైన చోట 512 మీటర్ల పొడవున ఆనకట్ట, 12 గేట్లు. పూర్తి నీటిమట్టం 885 అడుగులు. 1980ల తొలి సంవత్సరాల్లో కరెంటు మొదలైంది. సిమెంటు, ఇనుము మోసే లారీలకు దారి కావాలి గనుక ఘాట్ రోడ్లు బాగుపడ్డాయి. ఆ రోడ్ల మీదే తర్వాత ఎర్రబస్సులు వచ్చాయి. గౌలిగూడ పాత బస్టాండులో, 2018లో కూలిపోయిన ఆ విమానాల షెడ్డు కింద నిలబడి శ్రీశైలం బస్సు కోసం తోసుకొన్న వారు మనలో చాలామంది ఉన్నారు. మల్లన్న దర్శనం అందరికీ అందుబాటులోకి వచ్చింది ఆనకట్ట పుణ్యమా అనే.

ఆ ఆనకట్ట వెనక సుమారు వంద గ్రామాలు మునిగాయి, కర్నూలు, మహబూబ్‌నగర్ జిల్లాల్లో. కూడవెల్లి సంగమేశ్వరాలయాన్ని రాయి రాయి విప్పి అలంపురంలో మళ్లీ పేర్చారు. మనుషులను అలా విప్పి పేర్చడం కుదరదు. 1981లో ఊళ్లు ఖాళీ చేయించిన తీరు అప్పటి పత్రికలు చదివినవారికి గుర్తుండే ఉంటుంది. ముంపు కుటుంబానికి ఒక ఉద్యోగం అంటూ 1986లో వచ్చిన జీవో 98 అమలు కోసం దశాబ్దాలు తిరిగినవారిని మనలో కొందరు కౌంటరు ఇవతలి వైపు నుంచి చూశారు కూడా.

నేను ఆ ఊళ్లను నీరు రాకముందు చూశాను. ఆ రోజుల్లో కొత్తగా సర్వీసులో చేరిన నన్ను ఒక భూసేకరణ యూనిట్టుకు డెప్యుటేషను మీద పంపారు. అక్విటెన్సు రిజిస్టర్లు వ్రాయడం నా పని. పట్టాదారు పేరు, సర్వే నంబరు, విస్తీర్ణం, బావి, చెట్లు, ఇల్లు, మొత్తం, చివరి గడిలో సంతకం లేదా వేలిముద్ర. కృష్ణ ఒడ్డున ఒక ఊళ్లో, పేరు వ్రాయను, ఒక ముసలావిడ తన వంతు వచ్చినప్పుడు డబ్బు లెక్కపెట్టించుకొని, “ఇంతేనా నాయనా? చెట్లే ఎనిమిదున్నాయి గదా” అన్నది. చింతచెట్లు. “ఇంతే అవ్వా” అన్నాను. వేలు పట్టుకొని ముద్ర వేయించాను.

1894 నాటి భూసేకరణ చట్టం తెలిసినవారికి తర్వాతి మాట చెప్పకుండానే అర్థమవుతుంది. తెలియనివారికి చెబుతాను. ఇచ్చిన పరిహారం చాలదనుకొన్నవారు 18వ సెక్షను కింద కోర్టుకు పంపమని కోరవచ్చు. కాని డబ్బు తీసుకొనేటప్పుడు “అభ్యంతరంతో పుచ్చుకొంటున్నాను” అని వ్రాసి ఉండాలి. ఆ ఒక్క ముక్క లేకుండా పుచ్చుకొంటే ఆ హక్కు పోతుంది. ఆ ముక్క వ్రాయించవచ్చునని నాకు తెలుసు. చట్టం పుస్తకం నా బల్ల మీదే ఉంది. చెప్పవచ్చునా అని పైవారిని అడిగితే, అది మన పని కాదన్నారు. అడగకుండానే చెప్పి ఉండవచ్చు. ప్రొబేషను ఇంకా పూర్తి కాలేదు. ఆ రోజు దాదాపు అరవై వేలిముద్రలు వేయించాను. అదే ఊళ్లో చదువుకొన్న ఇద్దరు ముగ్గురు ఆ ముక్క వ్రాసి సంతకం చేశారు. చాలా ఏళ్ల తర్వాత కోర్టులో వారికి పరిహారం పెరిగిందని, ఆ శాఖలోనే ఉండిపోయిన ఒక మిత్రుడు చెప్పాడు. ఆ చట్టం 2014 జనవరి 1 నుంచి లేదు, దాని స్థానంలో కొత్త చట్టం వచ్చింది. ఈ సంగతి నేను ఇంట్లో కూడా ఎవరికీ చెప్పలేదు. డ్యామ్ దగ్గర మా బస్సు ఆపి అందరూ ఫొటోలు దిగుతుంటే నేను కాఫీ మిషతో వెనక ఉండిపోయినందుకు కొందరు మిత్రులు కారణం అడిగారు గనుక ఇక్కడ వ్రాశాను.

ఆనకట్ట తర్వాత వచ్చింది పులి. ఈ అడవిని 1978లో అభయారణ్యంగా ప్రకటించి, 1983లో పులుల సంరక్షణ పథకంలో చేర్చారు. నాగార్జునసాగర్–శ్రీశైలం పేర అప్పట్లో అది దేశంలోకెల్లా పెద్ద పులుల అభయారణ్యం. రాష్ట్రం విడిపోయాక ఉత్తర గట్టు అమ్రాబాద్ టైగర్ రిజర్వు అయింది, విస్తీర్ణం 2,611 చదరపు కిలోమీటర్లు. రాత్రి తొమ్మిది నుంచి ఉదయం ఆరు దాకా మన్ననూరు గేటు మూసేస్తారు. వెళ్లదలచినవారు ఇది గుర్తుంచుకోవాలి.

కొన్నేళ్లపాటు ఈ అడవి పేరు చెబితే ఇళ్లలో వద్దనేవారు. ఎదురుకాల్పుల వార్తలే. 2004 అక్టోబరులో నక్సలైటు నాయకులు నల్లమల నుంచి బయటికి వచ్చి హైదరాబాదులో ప్రభుత్వంతో చర్చలు జరిపారు. అవి ఫలించలేదు. 2009 సెప్టెంబరు 2న ముఖ్యమంత్రి రాజశేఖరరెడ్డిగారి హెలికాప్టరు పావురాలగుట్ట దగ్గర కూలితే, జాడ తెలిసేసరికి మర్నాడు ఉదయమైంది. అడవి ఎంత దట్టమో అప్పుడు దేశమంతటికీ తెలిసింది. 2019లో యురేనియం అన్వేషణ మాట వినగానే అమ్రాబాదు ప్రజలు రోడ్డెక్కారు. ఆ సెప్టెంబరులో శాసనసభ దానికి వ్యతిరేకంగా తీర్మానం చేసింది. 2025 ఫిబ్రవరి 22న దోమలపెంట వద్ద శ్రీశైలం ఎడమగట్టు కాలువ సొరంగం లోపల కూలి ఎనిమిది మంది కార్మికులు చిక్కుబడిపోయారు. బస్సు ఆ మలుపు దాటేటప్పుడు ఎవరూ మాట్లాడలేదు.

రెండోరోజు తిరుగు ప్రయాణంలో మల్లెల తీర్థం చూశాం. వటవర్లపల్లి దగ్గర పెద్దరోడ్డు విడిచి ఎనిమిది కిలోమీటర్లు లోపలికి పోవాలి. అక్కడి నుంచి మూడు వందల పైచిలుకు మెట్లు దిగితే జలపాతం. దిగడం సులువే. ఎక్కేటప్పుడే రిటైరైన సంగతి గుర్తుకొస్తుంది. ఇరవై ఇద్దరిలో తొమ్మిదిమంది దిగారు, మిగిలినవారు పైన మద్దిచెట్ల కింద పులిహోర పొట్లాలకు కాపలా కాశారు. వర్షాకాలం వెళ్లిన వెంటనే వెళ్తే నీరు బాగా ఉంటుంది. చైత్ర పున్నమికి జరిగే సలేశ్వరం జాతర మాత్రం మన వయసువారికి కాదు. లోయలోకి కిలోమీటర్ల కొద్దీ దిగాలి. అక్కడ లింగమయ్యకు పూజారులు చెంచులే. అది ఏడాదికి కొద్ది రోజులే తెరిచే దారి.

మెట్ల దగ్గర మాకు చేయూతనిచ్చింది నేను ముందు చెప్పిన వాచరు కుర్రవాడు. పాతికేళ్లుంటాయి. పదో తరగతి చదివాడు. ఏ చెట్టు పేరు అడిగినా రెండు పేర్లు చెప్పేవాడు, ఒకటి తమది, ఒకటి అటవీశాఖది. సగం మెట్లెక్కి నేను చతికిలబడితే పక్కనే కూర్చున్నాడు.

“పెద్దసారూ, మీరంతా ఆఫీసుల్ల పనిచేసిన్రంట గదా?”

“చేశాం నాయనా.”

“గట్లయితే ఒక్కమాట చెప్పున్రి. మా పెంటోళ్లను బయటికి పొమ్మంటున్రు. పులి కోసమంట. ఇంటికి పదిహేను లక్షలంట. లేకుంటే భూమి, ఇల్లు ఇస్తరంట. ఏది తీస్కోవాలె?”

విషయం నాకు కొత్త కాదు. పులుల అభయారణ్యాల నడిబొడ్డున ఉన్న ఊళ్లను స్వచ్ఛందంగా తరలించే పథకం దేశమంతటా ఉంది. కుటుంబానికి పది లక్షలుండేది, 2021లో పదిహేను లక్షలు చేశారు. అమ్రాబాదులో సార్లపల్లి, కుడిచింతలబైలు వంటి ఊళ్ల పేర్లు పత్రికల్లో వచ్చాయి. కొందరు చెంచులు పోతామంటున్నారు. ఆసుపత్రి, బడి, కరెంటు వారికీ కావాలి. అది తప్పనడానికి అంబర్‌పేటలో మూడో అంతస్తులో లిఫ్టు ఉన్న ఇంట్లో ఉండే నాకు ఏం హక్కు ఉంది? కొందరు పోమంటున్నారు.

“నీకు పోవాలని ఉందా?” అన్నాను.

“మా అవ్వ పోనంటది. తేనె చెట్లు ఇడిసిపెట్టి యాడికి పోత అంటది. నా పెండ్లాం పోదామంటది. నాకు ఎర్కలేదు సారూ.”

ఏది తీసుకోవాలో నేను చెప్పలేదు. జేబులో ఉన్న యాత్రా కార్యక్రమం కాగితం తీసి, వెనకవైపు తెల్లగా ఉంటే, మోకాలి మీద పెట్టుకొని వ్రాశాను. 2006 అటవీ హక్కుల చట్టం ప్రకారం ముందు మీ హక్కులు తేల్చాలి, పట్టా రాకుండా కదలవద్దు. గ్రామసభ ఒప్పుకోలు వ్రాతపూర్వకంగా ఉండాలి, తీర్మానం నకలు మీ దగ్గర ఒకటి ఉంచుకోండి. భూమి ఇస్తామంటే ముందు ఆ భూమి చూడండి, నీరుందో లేదో చూడండి, సర్వే నంబరు వ్రాయించుకోండి. ఇంట్లో పద్దెనిమిదేళ్లు దాటినవారిని వేరే కుటుంబంగా లెక్కకట్టారో లేదో అడగండి. అవ్వ పేరు కూడా. చదవకుండా సంతకం చేయవద్దు, చదివి వినిపించకుండా ఎవరిచేతా వేలిముద్ర వేయించనివ్వవద్దు. నచ్చనిది ఉంటే సంతకం పైన ఆ మాట వ్రాయండి.

అతను కాగితం అటూ ఇటూ తిప్పి చూశాడు. ఒకవైపు మన సంఘం పేరు, ఉదయం టిఫిను ఎన్నింటికి, భోజనం ఎక్కడ అన్న వివరాలు. రెండోవైపు నా వణుకు అక్షరాలు. చివరి వాక్యం దగ్గర వేలు పెట్టి, “గీ మాట రాస్తే ఏమైతది సారూ?” అన్నాడు. చెప్పాను. ముసలావిడ సంగతి కూడా చెప్పాను. అతను ఏమీ అనలేదు. కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి సెల్‌ఫోను కవరులో దోపుకొని, నా చెయ్యి పట్టుకొని లేపాడు. పైన డ్రైవరు హారను కొడుతున్నాడు, చీకటి పడేలోగా మన్ననూరు దాటాలని.